దర్వాజ సారు

"దర్వాజ సారు పోయిండట సారూ. ఆర్నెల్లయిందట."

చిలుకూరులో ఒక పెళ్లికి వెళ్లి, ప్లేటు చేత పట్టుకుని నిలబడి తింటుంటే నా పాత శిష్యుడొకడు ఈ మాట చెప్పాడు. వాడికే డెబ్బై దగ్గరపడ్డాయి. చెప్పి, పెరుగన్నం పెట్టే చోటికి వెళ్లిపోయాడు. ప్లేటు ఒక మూల పెట్టి బయటికొచ్చి కుర్చీలో కూర్చున్నాను. ఆయన అసలు పేరు నాకు తెలుసు. కానీ హాజరు రిజిస్టరులో తప్ప మా ఊరు చేవెళ్లలో ఆ పేరుతో ఎవరికీ పని పడలేదు. నేనూ ఇక్కడ రాయను.

ఆయన కృష్ణా తీరం నుంచి మా హైస్కూలుకు తెలుగు పండితుడిగా వచ్చాడు. నేను అదే బడిలో చిన్న తరగతులకు చెప్పేవాణ్ణి. మా ఇంటి ముందు గది ఖాళీగా ఉంటే కిరాయికి దిగాడు. దిగిన రోజే తల పగలగొట్టుకున్నాడు. మనిషి ఆరడుగులకు తక్కువ ఉండడు. మా పాత ఇళ్ల దర్వాజలేమో వంగి నడిచేవాళ్లకు చేసినవి. ట్రంకు పెట్టె భుజాన పెట్టుకుని లోపలికి రాబోయి పై చెక్కకు ఠంగున కొట్టుకున్నాడు. పెట్టె దించి, నుదురు రుద్దుకుంటూ, ఆ చెక్కను చేత్తో తడిమి మా అవ్వను అడిగాడు. అమ్మను మేం అవ్వ అనే పిలిచేవాళ్లం.

"దీన్ని మీరేమంటారండీ?"

"దేన్ని?"

"తలుపు చుట్టూ ఉన్న ఈ చట్రాన్ని. మా వైపు ద్వారబంధం అంటాం."

"దర్వాజ అంటం. తలకాయకు పసుపు పెట్టాల్నా సారూ?"

ఆయన పసుపు మాట వినిపించుకోలేదు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి నిలబడ్డ చోటనే రాసుకున్నాడు. కాగితం మీద నెత్తుటి బొట్టు పడితే వేలితో తుడిచి, చెదిరిన అక్షరాన్ని మళ్లీ దిద్దాడు. ఈయనకు కొంచెం తిక్క ఉందని అవ్వ ఆ రోజే తేల్చేసింది.

ఆ తర్వాత ఏడాది పొడుగునా ఆయన చేసిన పని అదే. ఎవరింటికి వెళ్లినా గడప దగ్గరే ఆగిపోయేవాడు. మజ్జిగ ఇస్తే తాగేవాడు కాదు, ముందు గొళ్లేన్ని ఏమంటారో చెప్పమనేవాడు. చర్చి దగ్గరి ఇళ్లలో ఏమంటారు, సాయిబుల ఇళ్లలో ఏమంటారు, మొయినాబాదులో ఒకలా, శంకర్‌పల్లి వైపు ఒకలా అంటారా. సంతలో గాజులమ్మే ముసలమ్మను కూడా వదల్లేదు. బడి పిల్లలు ఊరుకుంటారా, దర్వాజ సారు అని పేరు పెట్టేశారు. ఆ సంగతి తెలిసి ఆయన కోప్పడలేదు సరికదా, తరగతిలో వాళ్ల చేతనే నల్లబల్ల మీద ఆ మాట రాయించి పాఠం చెప్పాడు.

ఆ పాఠం నేను వరండాలో నిలబడి విన్నాను. "సంస్కృతం వాళ్లు ద్వారం అన్నారు. ఫారసీ వాళ్లు దర్ అన్నారు. ఇంగ్లీషు వాళ్లు డోర్ అన్నారు. ఎప్పుడో ఎక్కడో ఒక తల్లి కడుపున పుట్టిన మాటలివి. మీ దర్వాజ, మా ద్వారబంధం దాయాదులు. ఇందులో ఎవరిదీ తక్కువ తెలుగు కాదు" అన్నాడు. అదే బడిలో ఆయన వైపు నుంచే వచ్చిన ఇంకో పంతులు ఉండేవాడు. మా మాట వింటే ఆయనకు నవ్వాగేది కాదు. ఉర్దూ కలిసిన మోటు భాష అని మా ముఖాన్నే అనేవాడు. అలాంటి రోజుల్లో ఈయన అలా చెప్పడం నాకు ఎంత బాగుందో ఇప్పుడు చెప్పలేను. ఆ సాయంత్రం నుంచే ఆయనంటే నాకు ప్రేమ.

వాకిలి అనే మాట మీద ఆయనకు మరీ మోజు. పొద్దున్నే అవ్వ వాకిట్లో పేడనీళ్ల సాన్పి చల్లుతుంటే అరుగు మీద కూర్చుని చెప్పేవాడు.

"వాకిలిలో వా అంటే నోరండీ, అమ్మా. పాత మాట. వాకిలి ఇంటికి నోరన్న మాట. మీరు రోజూ పొద్దున్నే చేస్తున్నది ఇంటికి నోరు కడగడమే."

"ఇల్లుకు నోరున్నదా సారూ? గట్లయితె ఇంట్ల ముచ్చట్లన్ని బజార్ల చెప్తది గద."

"చెబుతుందండీ. వినేవాళ్లుండాలి."

"మీరు విననే వింటున్నరు. జర పక్కకు జరుగుండ్రి, సాన్పి మీద పడ్తది."

తలుపు అనే మాట దగ్గర మాత్రం ఆయన ఆగిపోయాడు. గడియకూ తాళానికీ సంబంధించిన పాత మాటేదో దాని మూలమని కొందరంటారట. ఆయనకు నమ్మకం కుదరలేదు. మూసేది కాబట్టి ఆ పేరు వచ్చిందా, తెరిచేది కాబట్టి వచ్చిందా, ముందది తేలాలి అనేవాడు. ఆ పట్టుదలతో మా ఊళ్లో వడ్రంగం చేసే వడ్లాయన దగ్గరికి పోయి కూర్చునేవాడు. ఎవరింట్లోనైనా దర్వాజ నిలబెడుతున్నారంటే, గడప కింద నవధాన్యాలు పోసే దగ్గర్నుంచి మామిడాకులు కట్టి నలుగురూ పట్టి లేపేదాకా అక్కడే ఉండేవాడు. ఒకసారి పని మధ్యలో తలుపు మాట ఎక్కడిదని అడిగితే వడ్లాయన ఉలి పక్కన పెట్టి, "గా మాట ఏడికెల్లి వచ్చిందో నాకేం తెలుసు సారూ. గీ చెక్క ఏడికెల్లి వచ్చిందో అడుగుండ్రి, చెప్త" అన్నాడు. సారు అది కూడా రాసుకున్నాడు.

ఇవన్నీ సరదాలు. ఆయన మనసు మాత్రం ఊళ్లో ఉన్న తల్లి మీదే ఉండేది. ఒక్కడే కొడుకు. ఒక చెల్లెలు. భార్యనూ మూడేళ్ల కూతుర్నీ తల్లికి తోడుగా అక్కడే ఉంచి వచ్చాడు. తల్లికి గుండె జబ్బు. "ఊరికే పరుగెత్తి రావద్దు, ఉద్యోగం పాడుచేసుకోకు, నేను కబురు పెడితే మాత్రం ఆగకుండా రా" అని మాట తీసుకుందట. అందుకని రోజూ పదకొండు గంటల వేళకు, బడి ఉంటే బడి గేటు దగ్గర, లేకపోతే మా అరుగు మీద, పోస్టాయన సైకిల్ కోసం చూసేవాడు. కార్డు వస్తే ముందు చివరి వాక్యం చదివి, ఊపిరి పీల్చుకుని, ఆ తర్వాత మొదటి నుంచి చదివేవాడు.

పోస్టాయన చర్చికి పోయే కుటుంబంవాడు. ఆదివారం తెల్లబట్టల్లో ముందు వరుసలో కూర్చునేవాడు. అలాగని ఊరి కట్టుబాట్లను ఏనాడూ తప్పలేదు. పోచమ్మ గుడి ముందు నుంచి పోతే సైకిల్ దిగి నడిచేవాడు. అంత మంచి మనిషిని నేను మళ్లీ చూడలేదు. జరిగినదానికి ఆయన్ను తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదని మొదటే చెప్పాలి.

అరవై తొమ్మిదిలో ఉద్యమం మొదలైంది. బడులు మూతపడ్డాయి, బస్సులు ఆగిపోయాయి. నేనూ ఊరేగింపుల్లో నడిచాను. మా ఉద్యోగాలు మాకు రావాలని గొంతు పోయేలా అరిచాను. అందులో నాకు ఇప్పటికీ తప్పు కనపడదు. ఇంటికొచ్చి అరుగు మీద ఆయన పక్కన కూర్చుంటే, "ఇవాళ ఎంతమంది వచ్చారండీ?" అని అడిగేవాడు. చెప్పేవాణ్ణి. "న్యాయమేనండీ" అనేవాడు. అంతకు మించి మాట్లాడుకోలేకపోయేవాళ్లం. మోటు భాష అన్న పంతులు అప్పటికే వెళ్లిపోయాడు. ఈయన వెళ్లలేదు. తల్లికి కాస్త నయంగా ఉందని కార్డు వచ్చింది. పైగా, తనను ఇక్కడ ఎవరేమంటారు అనే ధైర్యం.

ఒక రోజు మధ్యాహ్నం పక్కింటాయన పరుగున వచ్చి చెప్పాడు. ఆంధ్ర నుంచి వచ్చినవాళ్ల సామాను రోడ్డు మీద పెట్టిస్తున్నారని, గుంపు పట్నం వైపు నుంచి వస్తోందని, మా వీధి పేరు కూడా తీశారని. సారు గదిలో పుస్తకాలు సర్దుకుంటున్నాడు. ఆ గుంపులో నేనెరిగినవాళ్లూ ఉంటారు. వాళ్లకు ఎదురు నిలబడే ధైర్యం నాకు లేదు.

అవ్వ పెరట్లోకి పోయి వేపకొమ్మలు విరుచుకొచ్చి దర్వాజకు రెండు పక్కలా కట్టింది. గడపకు పసుపు రాసింది. అంటే ఆ ఇంట్లో ఎవరికో అమ్మ పోసిందని అర్థం. మశూచి ఇంకా ఉన్న రోజులవి. వేపమండలు కట్టిన ఇంట్లోకి బయటివాళ్లు రారు. ఎవరికి పోసిందని అడగరు. గట్టిగా పిలవరు. ఆ ఇంట్లో ఏడవకూడదు, ఏడిస్తే తల్లికి కోపం వస్తుందని మావాళ్ల నమ్మకం. అమ్మ పేరు పెట్టి అబద్ధమాడటం అవ్వకు ఎంత భయమో ఆమె చేతులు చూస్తే తెలిసింది. కట్టిన ముడి రెండుసార్లు జారిపోయింది.

గుంపు వచ్చింది. ముందున్నవాడు సారు దగ్గర చదువుకున్నవాడే. అరుస్తూ వచ్చినవాడు మండలు చూసి గొంతు తగ్గించాడు.

"అవ్వా, సారు ఉన్నడా?"

"ఇంట్ల అమ్మ ఉన్నది బిడ్డా. లోపటికి వస్తరా?"

"వద్దవ్వా. తప్పయింది" అని చెప్పులు విడిచి, దర్వాజకు దండం పెట్టి వెనక్కి తిరిగాడు. వెనక ఉన్నవాళ్లంతా గప్‌చుప్‌గా పక్క వీధిలోకి మళ్లారు.

మండలు ఒక్కపూటలో తీసేస్తే గుట్టు బయటపడుతుంది. తొమ్మిది రోజులు ఉంచాలని అవ్వ అన్నది. ఆ తొమ్మిది రోజులూ సారు బయటికి రాలేదు. గదిలో కూర్చుని పాత కాగితాలు తిరగరాసుకునేవాడు. పదకొండు అయ్యేసరికి మాత్రం కిటికీ సందులోంచి వీధి చూసేవాడు. ఉత్తరాలు రావడం లేదేమిటని అడిగితే, బస్సులే లేకపోతే ఉత్తరాలెక్కడివి అన్నాను. అది నిజమేనని నేనూ అనుకున్నాను.

నాలుగో రోజు పొద్దున నేను అరుగు మీద ఉన్నాను. పోస్టాయన వీధి మలుపులో సైకిల్ దిగాడు. మా ఇంటి వైపు నాలుగడుగులు వేసి మండలు చూశాడు. అక్కడే ఆగిపోయాడు. సంచిలో పెట్టిన చేయి బయటికి తీసి, రెండు చేతులూ జోడించి, మా దర్వాజకు దండం పెట్టాడు. సైకిల్ తిప్పుకుని వెళ్లిపోయాడు. నాకు నవ్వాగలేదు. లోపలికి పోయి సారుకు చెప్పాను, మన మండలకు చర్చి పెద్ద కూడా మొక్కిపోయాడని. ఆయనా నవ్వాడు. నాలుగు రోజుల తర్వాత ఆ ఇంట్లో మొదటిసారి నవ్వు వినపడింది. "చూశారా, చెక్క కంటే ఆకు గట్టిది. మూయకుండానే మూసింది" అని పుస్తకం తీసి రాసుకున్నాడు. పనులన్నీ చేసుకుంటూ వింటున్న అవ్వ కూడా పెదవి బిగించి నవ్వింది.

పదో రోజు పొద్దున్నే అవ్వ మండలు విప్పి, ఇల్లు అలికి, తల్లికి బోనం చేస్తానని మొక్కుకుంది. పదకొండుకు పోస్టాయన వచ్చాడు. ఈసారి అరుగు దాకా వచ్చి నిలబడ్డాడు. సారును చూసి ఆయన ముఖం ఒక్కసారి వెలిగి, వెంటనే ఆరిపోయింది.

"మంచిగున్నరా సారూ? మీకే అమ్మ పోసిందేమో అనుకున్న. పడకల ఉన్న మనిషికి గీ తార్ ఎట్ల ఇస్త? అమ్మ ఉన్న ఇంట్ల ఏడ్వద్దు గద. అందుకె ఆపిన."

సంచిలోంచి రెండు టెలిగ్రాములు తీశాడు. మొదటిది నాలుగో రోజుది. అమ్మకు చాలా ప్రమాదంగా ఉంది, నిన్నే అడుగుతోంది, వెంటనే బయలుదేరు. రెండోది నిన్నటిది. అమ్మ ఏడో రోజు సాయంత్రం పోయింది. పినతండ్రి కొడుకు తలకొరివి పెట్టాడు.

సారు రెండూ చదివాడు. ముందు రెండోది, తర్వాత మొదటిది. వేళ్ల మీద రోజులు లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. ఏమైందో అర్థమై పోస్టాయన అరుగు మీద కూలబడి తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. అవ్వ దర్వాజ పట్టుకుని నిలబడింది.

"సారూ, నేను కట్టిన మండలే గద" అన్నది.

ఆయన టెలిగ్రాములు రెండూ మడిచి జేబులో పెట్టుకున్నాడు. నేనైనా ఏదో ఒకటి అని ఉండాల్సింది. లోపలికి పోయి ట్రంకు పెట్టె సర్దడం మొదలుపెట్టాను.

ఆ మధ్యాహ్నమే మా మేనమామ బండి కట్టాడు. మొయినాబాదు నుంచి కూరగాయల లారీలు పట్నానికి పోతూనే ఉన్నాయి. కూరగాయల లారీని ఎవరూ ఆపేవాళ్లు కాదు. పట్నం చేరితే రైలు ఉంది. అంటే నాలుగో రోజు బయలుదేరినా ఆయన ఆరో రోజుకు తల్లి దగ్గర ఉండేవాడు. ఈ లెక్క బండిలో మా ఇద్దరి మనసుల్లోనూ నడుస్తోంది. ఊరు దాటాక ఆయన అన్నాడు.

"నేనూ నవ్వానండీ."

నేను ట్రంకు పెట్టె జరక్కుండా పట్టుకున్నాను.

"నవ్వడమే కాదు, రాసుకున్నాను కూడా. మా అమ్మ కబురు వీధిలో నిలబడి ఉంటే, నేను లోపల కూర్చుని ఆకు మీద మాటలల్లాను."

మొయినాబాదులో టమాటా గంపల మధ్య చోటు దొరికింది. ఆయన ఎక్కి కూర్చున్నాడు. అవ్వకు ఏం చెప్పమంటారని అడిగాను. ఒక గంప పక్కకు జరిపి అన్నాడు.

"నాకేం చెప్పాలో తెలియడం లేదండీ. నా ప్రాణం కాపాడింది. అది నిజం. రెండోదీ నిజం. మీరే ఏదో ఒకటి చెప్పండి."

లారీ కదిలింది. ఆయన వెనక్కి చూడలేదు. ఇంటికొచ్చి, సారుకు కోపం లేదట అని అవ్వతో చెప్పాను. "గట్లన్నడా?" అని నా ముఖం చూసింది. నమ్మలేదు. అమ్మ పేరు పెట్టి ఆడిన అబద్ధానికి ఆ తల్లి ఒక తల్లిని తీసుకపోయిందని ఆమె చివరిదాకా అనుకుంది. ఆ దర్వాజకు మళ్లీ ఒక్క ఆకు కట్టలేదు. నా పెళ్లికి మామిడాకులు కూడా వేరేవాళ్లే కట్టారు. పోస్టాయన ఆ తర్వాత మా వీధి ఇంకొకరికి అప్పజెప్పాడు. ఎదురుపడితే సైకిల్ దిగి నిలబడేవాడు, మాట్లాడేవాడు కాదు. అవ్వా, ఆయనా పోయి చాలా ఏళ్లయింది.

సారు మళ్లీ రాలేదు. ఒకటి రెండుసార్లు ఉత్తరం రాయబోయి చింపేశాను. ఏమని రాయాలి? ఆయన ఎక్కడ పనిచేశాడో, తలుపు మాట సంగతి తేల్చాడో లేదో తెలుసుకోలేదు. తెలుసుకోవడం కష్టమై కాదు.

పెళ్లిలో కబురు చెప్పినవాణ్ణే బతిమాలి, ఆయన కూతురి నంబరు సంపాదించాను. రెండు రోజులు ఫోను పట్టుకుని కూర్చున్నాను. మూడో రోజు చేశాను. చేవెళ్ల అనగానే ఆమె గుర్తుపట్టింది.

"మీ ఇంటి గురించి నాన్న చెప్పని రోజు లేదండీ. మీ అమ్మగారు తొమ్మిది రోజులు దాచారట కదా. ఆవిడ లేకపోతే నేను లేను అనేవారు. చిన్నప్పుడు మాచేత మీ అమ్మగారికి ఇక్కడి నుంచే దండం పెట్టించేవారు."

మీ నాయనమ్మ పోయిన సంగతి ఎప్పుడైనా చెప్పారా అని అడిగాను.

"టెలిగ్రాం అందింది కానీ బస్సులు లేక రాలేకపోయాను అనేవారండీ. అంతకు మించి చెప్పేవారు కాదు. మా మేనత్త ఒప్పుకోలేదు. కబురు అంది కూడా రాలేదా, నడిచైనా రావలసింది, అమ్మ మూడు రోజులు గుమ్మం వైపే చూస్తూ పోయింది అనేది. ఆ రోజు నుంచి నాన్నతో మాట మానేసింది. యాభై ఏళ్లండీ. రాకపోకలు లేవు, పండగ లేదు. ఆవిడ పోతే నాన్న వెళ్లి వీధిలో నిలబడ్డారు. లోపలికి రమ్మన్నవాళ్లు లేరు."

టెలిగ్రాం అందలేదని ఆయన ఒక్క మాట అంటే చెల్లెలు క్షమించేది. ఆ మాట అంటే ఎందుకు అందలేదో చెప్పాలి. అది చెబితే అవ్వ పేరు వస్తుంది. అందుకని అనలేదు. యాభై ఏళ్లు అనలేదు.

"మీరు అక్కడే ఉన్నారు కదా అంకుల్. అప్పుడు నిజంగానే దారి లేదా?"

టమాటా గంపలు, ఎడ్లబండి, నాలుగో రోజు, అన్నీ నోటి దాకా వచ్చాయి. చెబితే ఆయన ఇన్నేళ్లు కాపాడినది నా చేత్తో కూలుస్తాను. చెప్పకపోతే ఆయన్ను దోషిగానే వదిలేస్తాను. ఈ వయసులో కూడా నాకు ధైర్యం రాలేదు.

"లేదమ్మా" అన్నాను. "ఏ దారీ లేకుండె."

అవతల ఆమె ముక్కు ఎగబీల్చి అంది.

"ఈ మాట అప్పుడే మీరొచ్చి మా అత్తయ్యకు చెప్పి ఉంటే బాగుండేదండీ."